పేరు దక్కని తల్లుల విద్య: బార్కస్ హరీస్

హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్టను ఆనుకుని ఉన్న బార్కస్‌లో, కాలం చేసిన నానీమానో దాదీమానో, అంటే అమ్మమ్మనో నాయనమ్మనో, తలచుకునేటప్పుడు ఆమె భక్తి, ఓర్పు, పెట్టే చేయి గురించి ఎంత చెప్పుకున్నా, ఆమె వండిన హరీస్ మాట రాకుండా ఆ తలపు పూర్తికాదు. పొట్టు తీసిన గోధుమలనూ ఎముకతో కూడిన మాంసాన్నీ గంటల తరబడి సన్నసెగ మీద ఉడికించి, చెక్క గుత్తితో మెదిపి, నెయ్యి పోసి వడ్డించే అరబ్బు వంటకం హరీస్. గోధుమ, మాంసం, నీళ్లు, ఉప్పు, నెయ్యి తప్ప చెప్పుకోదగిన సరుకేదీ దీనిలో లేదు కాబట్టి, మసాలా చాటున లోపం దాచుకునే వీలు వండేవారికి ఉండదు; గొప్పతనమంతా చేతిదే, ఆ చేయి తరతరాలుగా ఇంటి పెద్దావిడది.

ఆ చేతికి దక్కవలసిన గౌరవం ఎందుకు దక్కలేదో తెలియాలంటే ఈ పేట పుట్టుక కొంత తెలియాలి. నిజాం కొలువులో పనిచేసిన అరబ్బు సిపాయిల బ్యారక్స్ ఉన్న చోటు కాబట్టి దీనికి బార్కస్ అన్న పేరు వచ్చింది. ఆ సిపాయిలను దక్కనులో చావూష్‌లు అన్నారు. వాళ్లలో ఎక్కువమంది నేటి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు. పందొమ్మిదో శతాబ్దంలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖువైతీ, గాలిబ్ బిన్ మొహసిన్ అల్ కథీరీ, అబ్దుల్లా బిన్ అలీ అల్ ఔలఖీ అనే ముగ్గురు జమేదార్లు, అంటే సిపాయి దళాల నాయకులు, హైదరాబాదులో ఎంతటి పలుకుబడి గడించారంటే, ఖువైతీలు ఇక్కడి సంపాదనతో ముకల్లా రేవు చుట్టూ ఒక రాజ్యాన్నే నిలబెట్టుకున్నారు; అది 1967 దాకా కొనసాగింది. హైదరాబాదులో పుట్టిన చరిత్రకారుడు ఒమర్ ఖాలిదీ ఈ హద్రమీల పాత్రను వివరంగా రాశాడు కాబట్టి ఇక్కడ ఇంతకంటే విస్తరించనవసరం లేదు.

విస్తరించవలసింది వేరే ఉంది. హద్రమౌత్ నుంచి సముద్రం దాటి వలస వెళ్లినవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. ఆడవాళ్లు స్వదేశంలోనే ఉండిపోయారు, వెళ్లినవాళ్లు చేరిన చోటల్లా అక్కడి స్త్రీలనే పెళ్లాడారు, ఆ సంతానాన్ని అరబ్బీలో మువల్లద్‌లు అన్నారు. అందువల్ల బార్కస్ తొలితరం తల్లుల్లో అత్యధికులు దక్కనీ స్త్రీలే అయి ఉండాలి. నసబ్ అనే వంశక్రమాన్ని హద్రమీలు ప్రాణంతో సమానంగా కాపాడుకున్నారు. యాఫయీ, బావజీర్, కథీరీ వంటి ఇంటిపేర్లు ఈనాటికీ ఆ క్రమాన్ని గుర్తుచేస్తాయి. కానీ కొడుకు పేరు వెనక తండ్రి, తండ్రి పేరు వెనక తాత నిలబడే ఆ వరుసలో తల్లికి చోటులేదు. ముకల్లా రేవును కలలోనైనా చూడని ఒక దక్కనీ ఇల్లాలు, భర్త నోటి నుంచి విన్న రుచిని ఊహించుకుని, ఇక్కడి గోధుమతో, ఇక్కడి మేకమాంసంతో, ఇక్కడి కట్టెల పొయ్యి మీద సాధించి, కోడలికి నేర్పింది. వంశం పేరు తండ్రులు నిలబెట్టి ఉండవచ్చు గానీ వంశం రుచిని నిలబెట్టింది ఆమె. ఏ చరిత్ర గ్రంథమూ ఆమె పేరు రాసుకోలేదు.

పైగా పొయ్యి దగ్గర నిలబడి ఉండవలసిన అవసరం చరిత్ర పదేపదే ఆమె మీదే పెట్టింది. సిపాయి కొలువుల్లో మగవాళ్లు ఇంటిపట్టున ఉన్నది తక్కువ. 1948 సెప్టెంబరులో భారత సైన్యం నిజాం రాజ్యం మీద జరిపిన పోలీసు చర్యతో ఆ కొలువులే పోయాయి, ఎందరో అరబ్బులను దేశం దాటించి పంపివేశారు. 1970ల నుంచి గల్ఫ్ దేశాలు రమ్మన్నాయి, కొడుకులు, అల్లుళ్లు అటు కదిలారు. ఈ మూడు కాలాల్లోనూ ఇంటి యజమానురాలిగా, పిల్లలకు దిక్కుగా, అప్పులవాళ్లకు జవాబుదారుగా మిగిలింది ఆ పెద్దావిడే; హరీస్ కుండ దిగకుండా చూసిందీ ఆమే.

ఇక ఆ విద్య సంగతి. పని ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. గోధుమలను ఏరి, కడిగి, రాత్రంతా నానబెట్టి, తడి పూర్తిగా ఆరకముందే రోట్లో గానీ హావన్ దస్తాలో, అంటే ఇనప రోలూ రోకలిలో గానీ తేలికగా దంచుతారు. పొట్టు ఊడిరావాలి, గింజ మాత్రం చితకకూడదు. తడి ఎక్కువైతే గింజ ముద్దవుతుంది, ఆరిపోతే పొట్టు వదలదు. ఈ రెంటి నడుమ ఉండే కాస్త వ్యవధిని గడియారం చూసి పట్టుకోవడం కుదరదు. చేయి తిరిగిన నానీమా గుప్పెడు గింజలు తీసి బొటనవేలితో నలిపి చూస్తుంది, పొట్టు వేలికి అంటుకుని లోపలి తెల్లదనం బయటపడితే రోకలి అందుకుంటుంది. తర్వాత చేటలో చెరగడం. ఈ ఒక్క దశను సరిగా దాటినవాళ్లకు సగం హరీస్ వచ్చినట్టే.

మాంసం ఎముకతోనే పడాలి. మొదటి పొంగుకు పైకి తేలే నురగను తీసివేస్తూ, నీరు తేటపడ్డాక గోధుమను చేర్చి, మంట తగ్గించి, కట్టెలను వెనక్కి లాగి, కేవలం నిప్పుల మీద కుండను వదులుతారు. అక్కడి నుంచి ఆరు గంటలో, ఎనిమిది గంటలో, అంతకు మించో. తొందరపాటుకు ఈ వంటలో క్షమాపణ లేదు. ఎంతో సేపు సన్నని వేడిలో ఉన్నప్పుడు మాంసపు కండరాలను కట్టి ఉంచే కొల్లాజెన్ అనే మాంసకృత్తు కరిగి జెలటిన్‌గా, అంటే జిగురుగా మారుతుంది. అదే సమయంలో గోధుమలోని పిండిపదార్థం నీరు పీల్చి ఉబ్బి చిక్కబడుతుంది. ఈ రెండు మార్పులూ ఒకే కుండలో ఒకేసారి పక్వానికి రావడమే హరీస్ రహస్యం. రసాయనశాస్త్రం పేర్లు పెట్టి చెబుతున్న ఈ సంగతిని బడిముఖం చూడని స్త్రీలు వేళ్లతో, ముక్కుతో, చెవితో కనిపెట్టి కచ్చితంగా అమలు చేశారంటే, వాళ్లను పండితులని పిలవడానికి వెనుకాడనక్కర్లేదు.

చెవితో అన్న మాట అతిశయం కోసం అన్నది కాదు. కుండలో నీరు ఎక్కువగా ఉన్నంతసేపూ పైకి వచ్చే చప్పుడు వేరు, గోధుమ పగిలి చిక్కబడ్డాక బుడగ నెమ్మదిగా లేచి పగిలే చప్పుడు వేరు. అడుగంటబోయే ముందు తెడ్డు అడుగున తగిలే చప్పుడులోనే తేడా వస్తుంది. ఆ తేడాను అవతలి గదిలో నమాజు ముగించుకుంటూ పసిగట్టి, కోడలికి నిప్పులు తగ్గించమని సైగ చేయగలిగిన దాదీమాలు ఈ విద్యలో సిద్ధహస్తులు. అడుగు ఒక్కసారి మాడిందా, ఆ వాసన కుండంతటికీ ఎక్కుతుంది, దానికి ఏ మందూ లేదు. నీళ్లు తగ్గితే మరిగే నీళ్లే పోయాలని, చల్లనీళ్లు పోస్తే గోధుమ అలుగుతుందని ఇళ్లలో అనుకుంటారు.

మాంసం ఎముక నుంచి తనంతట జారిపోయిన తర్వాత ఎముకలన్నీ ఏరి తీసి, ఘోట్నీ పట్టుకుంటారు. ఘోట్నీ అంటే మెదపడానికి వాడే బరువైన చెక్క గుత్తి. దానితో గోధుమనూ మాంసాన్నీ కుండ గోడకు అదిమి, నలిపి, సాగదీస్తూ పోతే మాంసం సన్నని పోగులుగా విడిపోతుంది. ఆ పోగును రేషా అంటారు. పట్టుదారంలా కనీకనపడని రేషా గోధుమ చిక్కదనంలో అంతటా పరుచుకుని, గరిటె ఎత్తితే తెగకుండా సాగుతూ వస్తుంది. ఆ సాగుడు గుణాన్ని లేస్ అంటారు. రేషా ఉండి లేస్ లేకపోతే అది మాంసం జావ, లేస్ ఉండి రేషా లేకపోతే గోధుమ జిగురు. రెండూ కుదిరినదే హరీస్. భుజాలు పడిపోయే ఈ పనిని అరవై దాటిన స్త్రీలు చేశారంటే, చేస్తూ పక్కన కూర్చున్న మనవరాలికి గుత్తి ఏ కోణంలో వంచాలో కూడా చూపించారంటే, దండంపెట్టడం తప్ప మరో మాట తోచదు.

బార్కస్‌లో హరీస్ ఉప్పుగానూ తీపిగానూ దొరుకుతుంది, రంజాన్ కోసం ఆగకుండా ఏడాది పొడవునా పొద్దుటి ఫలహారంగా తింటారు. వేడి హరీస్ మీద నెయ్యి, ఆపైన చక్కెర పడినప్పుడు మాంసపు వంటకానికి తీపి ఏమిటని బయటివాళ్లు ముఖం చిట్లించడం సహజం; రెండో ముద్దకు ఆ సందేహం ఉండదు.

ఈ వంటకం ఎంత పాతదో, ఎంత దూరం ప్రయాణించిందో చెప్పడానికి ఒకటి రెండు మాటలు చాలు. పదో శతాబ్దపు బాగ్దాదులో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాఖ్ కూర్చిన వంటల గ్రంథంలోనే హరీసా ఉంది. శ్రీనగరులో చలికాలపు ఉదయాల్లో తినే హరీసా, ఆర్మేనియా హరిస్సా, తుర్కియే పెళ్లిళ్లలో వండే కెష్కెక్ దీని దాయాదులే.

హైదరాబాదు హలీం కూడా దీని బిడ్డే. హరీస్‌కు పప్పులు, మసాలాలు, వేయించిన ఉల్లి, కొత్తిమీర, నిమ్మరసం చేరి హలీం అయింది. ఏడో నిజాం కాలంలో అరబ్బు సర్దారు సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ విందుల వల్ల అది నగరంలో పేరుకెక్కిందని చెబుతారు. 2010లో ఆ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది, మన దేశంలో మాంసాహార వంటకానికి అటువంటి గుర్తింపు రావడం అదే మొదటిసారి. పది పాళ్ల మాంసానికి నాలుగు పాళ్ల గోధుమ, స్వచ్ఛమైన నెయ్యి, రాగి డేగిశా, కట్టెల భట్టీ, పన్నెండు గంటల సన్నసెగ అని దానికి నియమాలున్నాయి. మంచి నియమాలే. అయినా బిడ్డకు పట్టాభిషేకం చేసి తల్లిని వాకిట్లో నిలబెట్టినట్టయింది. హలీం రుచిని కాదనలేం గానీ, మసాలా ఆసరా లేకుండా కేవలం ధాన్యాన్నీ మాంసాన్నీ నమ్ముకుని నిలిచే హరీస్ ముందు అది రెండో మెట్టుదే.

కోపం తెప్పించే సంగతి మరొకటి. ఇవాళ నగరమంతటా హరీస్ పేరుతో అమ్ముడవుతున్న దానిలో చాలా భాగం హరీస్ కాదు. నానబెట్టి దంచే ఓపిక లేక గోధుమ రవ్వ పోస్తున్నారు, ఎముక బరువు దండగని ఎముక తీసిన మాంసం వేస్తున్నారు, కుక్కరులో అరగంట ఉడికించి మిక్సీలో తిప్పుతున్నారు. మిక్సీ బ్లేడు రేషాను మెదపదు, నరుకుతుంది. నరికిన మాంసంలో పోగు ఉండదు, పోగు లేక సాగని దాన్ని చిక్కబరచడానికి ఓట్స్ కలుపుతున్నారు, నెయ్యికి బదులు డాల్డా పోస్తున్నారు. పొట్టు తీసే పనికి యంత్రం వాడితే ఎవరూ తప్పుపట్టరు, వృద్ధుల భుజాలకు ఆ మేలు జరగవలసిందే. కానీ మెదపడాన్ని మిక్సీకి అప్పగించడం, ఆ ముద్దను అరబ్బుల నాటి రుచి అని ప్రకటించడం ఆ నానీమాల శ్రమను దొంగిలించి, ఆపైన అవమానించడమే. మండీ అనే అరబ్బు మాంసపు అన్నం వడ్డించే హోటళ్ల వెలుగు చూసి బార్కస్‌కు వచ్చే యువతకు పక్కసందులో అసలు హరీస్ ఉందని చెప్పేవాళ్లు లేకపోవడం మరో దురదృష్టం.

2023 డిసెంబరులో యునెస్కో హరీస్ నైపుణ్యాన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, ఒమన్, సౌదీ అరేబియా కలిసి ఆ ప్రతిపాదన చేశాయి. అందుకు వాళ్లను అభినందించాలి. అయితే ఇంతకాలంగా దక్కను నేల మీద అదే విద్యను కాపాడిన బార్కస్ ప్రసక్తి మనమైనా ఎత్తలేదు. ఎత్తడానికి మన దగ్గర కాగితం లేదు. బిల్కీస్ లతీఫ్, ప్రతిభా కరణ్ వంటి విదుషీమణులు హైదరాబాదు వంటలను పుస్తకాలకెక్కించి ఎంతో మేలు చేశారు, కానీ బార్కస్ ఇళ్లలోని కొలతలు ఇంకా పిడికిళ్లలోనే ఉన్నాయి.

హైదరాబాదు ముస్లిం ఇళ్లలో చాలాచోట్ల పోయినవాళ్ల పేరిట నలభయ్యో రోజున చెహ్లుం, ఏడాదికి బర్సీ జరిపి, ఫాతెహా చదివి వంట పంచుతారు. మతపరమైన ఆలోచనతో వీటిని పాటించని కుటుంబాలూ ఉన్నాయి. పాటించినా మానినా, ఇంటి పెద్దావిడకు చేయవలసిన మరొక సేవ ఎవరి విశ్వాసానికీ అడ్డురాదు: ఆమె ఉండగానే పక్కన కూర్చుని ఏ గోధుమ తెస్తుందో, ఎంతసేపు ఆరబెడుతుందో, ఏ చప్పుడుకు నిప్పులు లాగుతుందో, ఘోట్నీ ఎలా తిప్పుతుందో రాసుకోవాలి, సెల్‌ఫోనులోనైనా చిత్రించాలి. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం తలచుకుంటే తన విద్యార్థినులను బార్కస్ వంటిళ్లలోకి పంపగలదు. ఆ గడపలు దాటడం మగ పరిశోధకుల కంటే వాళ్లకే సులువు. ఆ రాతలు కుదిరినప్పుడు ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని ఊరుకోకుండా, ఆమె సొంత పేరు, పుట్టినూరు, ఈ వంట ఆమెకు నేర్పిన స్త్రీ పేరు, గుర్తున్నంత వెనక్కి ఆ నేర్పిన చేతుల వరుస మొత్తం రాయాలి.