దఫ్తరంలో మన చిరునామా

మన పుట్టుకకూ భూమికీ రుజువుగా కాగితం చూపించమంటారు. ఆ కాగితం ఎవరు రాశారు, ఎక్కడ దాచారు అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ పట్టదు.

కళ్యాణదుర్గం సంగతే చూద్దాం. టిప్పు ఏలిన ఈ సీమ 1792, 1799 ఒప్పందాలతో నిజాంకు, 1800లో కుంఫిణీకి దక్కింది. ఏ సర్కారు కాగితం ఆ సర్కారు పట్టుకుపోయింది. నిజాం ఫారసీ దఫ్తరాలు హైదరాబాదు తార్నాకలో ఉన్నాయి. కుంఫిణీ కాగితాలు 1909లో ఏర్పడి 1973లో తమిళనాడు ఆర్కైవ్స్‌గా పేరు మారిన మద్రాసు రికార్డాఫీసులో ఉన్నాయి. మెకంజీ రాయించిన కైఫీయతుల కోసమూ మద్రాసే పోవాలి. ఊరేమో అనంతపురం జిల్లాలో ఉంది.

కాగితాన్ని పుట్టించిన కచేరీ పేరునే అమర్చాలన్నది 1841లో ఫ్రాన్సు పెట్టిన నియమం. కలగాపులగం కాకుండా అది కాపాడింది, కాదనను. కానీ కచేరీ లేని మనిషి మాటేమిటి? దూదేకులవాడు, మగ్గంవాడు, కూలీ శిస్తు కట్టినప్పుడో అర్జీ పెట్టినప్పుడో మాత్రమే కాగితానికెక్కుతారు. 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లు మసీదు, దర్గా, ఖాజీ ఇనాముల లెక్క చెప్తాయి. వక్ఫు తగాదాల్లో ఈనాటికీ అవే దిక్కు. గూగూడు కుళ్లాయస్వామి పీర్లకు హిందువులూ మొక్కుతారన్న సంగతి రాయడానికి మాత్రం వాటిలో గడి లేదు.

ఇంకో తప్పు మన బుర్రల్లో ఉంది. ఫారసీ, ఉర్దూ కాగితమంటే తురకలది, తెలుగు కాగితమంటే హిందువులది అనుకుంటాం. సాలార్‌జంగు 1860లలో రెవెన్యూ పాలనను తిరగరాసేదాకా నిజాం దఫ్తర్లు వంశపారంపర్యంగా నడిపింది మాల్‌వాలా కాయస్థులు, రాయ్‌రాయన్ మరాఠీ బ్రాహ్మణులు. మన దూదేకుల ఇళ్లలో మాట్లాడేది తెలుగు. కైఫీయతు, దస్తావేజు, జమాబందీ, తహసీలు - ఇవన్నీ ఎవరి మాటలు? భాషను బట్టి మతాన్ని తేల్చేవాడికి ఈ బీరువాల్లో ఒక్క కట్ట కూడా సాక్ష్యం చెప్పదు.

కట్టల్ని కదపమని నేననను. ఉన్నచోటే ఉంచి, ఊరివారీగా ఒక సూచిక తెలుగులో, ఉర్దూలో తయారుచెయ్యాలి. ఫారసీ చదవగలిగేవాళ్లు తగ్గిపోతున్నారు, వాళ్లుండగానే ఆ పని జరగాలి. లేకపోతే రేపు మన గురించి మాట్లాడేది మన మీద శిస్తు వేసినవాడి కాగితమొక్కటే.