పత్తికి తగ్గ పనిముట్టు

ఇంట్లో నూలు వడకడం అనగానే అది గాంధీగారి కాలం ముచ్చటని చాలామంది పక్కన పెట్టేస్తారు. మిల్లు నూలు చవగ్గా దొరుకుతుంటే కదురు ముందు గంటల తరబడి కూర్చోవడం ఎందుకని అడుగుతారు. అడగదగ్గ ప్రశ్నే. కాని వేగం ఒక్కటే కొలబద్ద అయితే అసలు సంగతి మరుగున పడుతుంది. మిల్లు తనకు సరిపడే పత్తినే కోరుతుంది. రాట్నం ఉన్న పత్తికి సర్దుకుంటుంది. ఇంటి వడకు ఈనాటికీ నేర్చుకోదగ్గ విద్యేనని నేననేది ఈ తేడాను బట్టే.

కదురు పనితీరు చూస్తే ఇది తెలుస్తుంది. పోగును కదురు మొనకు ఏటవాలుగా పడితే, కదురు తిరిగిన ప్రతిసారీ పోగు మొన మీంచి జారి ఒక పురి ఎక్కుతుంది. కదురుకు అడ్డంగా పడితే కండెగా చుట్టుకుంటుంది. రెండు పనులూ చేసేది ఒక్క ఇనుప పుల్లే, మారేది చేతి వాటం. పురి ముందుగా సన్నటి చోటికి పరుగెడుతుంది. లావుచోట దూది ఇంకా వదులుగానే ఉంటుంది కనుక, చెయ్యి వెనక్కి లాగినప్పుడు సాగేది అదే. బిగువును బట్టి ఎంత లాగాలో వేళ్లు తేల్చుకుంటాయి. మిల్లులో దూదిని సాగదీసేవి రోలర్ల జతలు. జతకూ జతకూ మధ్య ఎడం పింజ పొడవును బట్టి ముందే ఖాయమై ఉంటుంది. మరీ పొట్టి పింజ ఆ ఎడంలో ఎటూ పట్టు చిక్కక తేలిపోతుంది, నూలు ఎగుడుదిగుడవుతుంది. మిల్లులు ఒకే తీరైన పొడవు పింజ కోసం పట్టుబట్టేది అందుకే.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో వడికే కొండపత్తిది పొట్టి పింజే. మిల్లు లెక్కలో అది ముతక నూలు సరుకు. అక్కడి ఆడవాళ్లు దాన్ని వాలుగ చేప దవడతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద వంద కౌంటు నూలు తీస్తారు. వంద కౌంటంటే పౌను దూదికి 84,000 గజాలు. గ్రాముకు దాదాపు 169 మీటర్లు. పొట్టి పింజ నాసిరకం కాదనడానికి ఆ నూలే సాక్ష్యం. ఆ పింజకు తగ్గ పనిముట్టు మిల్లులో లేదంతే.

అయితే ఆ నూలు వడికేవాళ్లకు దక్కే కూలి చాలా తక్కువ. దాన్ని దాచి కళ గొప్పతనం చెప్పడం అన్యాయం. ఇంట్లో వడికితే ఖర్చు కలిసొస్తుందనీ నేననను. చీరకు సరిపడా నూలు తీయడం రోజుల తరబడి సాగే పని. మన పొలాల నిండా మిల్లులు కోరే బీటీ హైబ్రిడ్లే ఉంటే ఇక పొట్టి పింజ ఎక్కడిదని ఇంకో ఆక్షేపణ. నా వాదనకు బలమిచ్చేదీ అదే. వడికే చెయ్యి లేని పత్తికి కొనేవాడుండడు. కొనేవాడు లేని పంటకు రైతు విత్తనం దాచడు. దాచిన విత్తనమైనా విత్తకపోతే కొన్నేళ్లకు మొలకెత్తదు. తకిలి ఒకటి, గుప్పెడు దూది ఉంటే నేర్చుకోవడం మొదలుపెట్టవచ్చు. మొదట దొరికిన పత్తితోనే వడకండి. పురి ఎటు పరుగెడుతుందో వేళ్లకు తెలిశాక, ఏ పత్తి ఎలా సాగుతుందో కూడా తెలుస్తుంది. ఫలానా పత్తే కావాలని రైతును అడగగలిగేది అప్పుడే. ఆ అడిగేవాళ్లుంటేనే కొండపత్తి మళ్లీ విత్తుకు నోచుకుంటుంది.