అగ్గిపెట్టెల సీమలో తడిమి చూసే గోడలు

1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొచ్చారు. తమిళనాడులోని శివకాశిలో నాటుకున్న ఆ పని విరుదునగర్, కోవిల్‌పట్టి పల్లెలకు పాకింది. అచ్చు పరిశ్రమ కూడా శివకాశిలోనే పెరిగింది. అందుకే ఈ సీమలో ఖాళీ పెట్టెలకూ, మందు అద్దని పుల్లలకూ, రంగు సరిగా పడని కాగితాలకూ కొదవ లేదు. విరుదునగర్ బజారులో గోనెసంచులు, నల్లరేగడి చేలలో పత్తి సరేసరి. ఇక్కడ తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. వాళ్ల వలస కథను తమిళంలో నవలగా రాసిన కి. రాజనారాయణన్ ఊరు ఇడైసేవల్ కోవిల్‌పట్టి దగ్గరే.

ఈ పారేసే సరుకుతో పసిపిల్లలు తడిమి ఆడుకునే గోడపలకలు చక్కగా చేసుకోవచ్చు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి శిక్షణ తరగతులు నడిపిన మరియా మాంటిస్సోరి గరుకు, నునుపు పలకలనూ చప్పుడు చేసే డబ్బాలనూ పాఠాలుగానే వాడారు. అగ్గిపుల్లలనూ సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలనూ కలిపి బడిపిల్లలకు జ్యామితి నేర్పిన అరవింద్ గుప్తా మనకు తెలిసినవారే.

పలకను కూర్చున్న బిడ్డ చెయ్యి అందే ఎత్తులో గోడకు మరలతో బిగించాలి. వస్తువులను కిక్కిరిసేలా అతికిస్తే పిల్లల దృష్టి దేనిమీదా నిలవదు. గోనెగుడ్డ పక్కన నున్నని క్యాలెండరు అట్ట, కొబ్బరిపీచు పక్కన దూది కుక్కిన మెత్త పెడితే తేడా చేతికే తెలుస్తుంది. గుడ్డలను జిగురుతో సరిపెట్టక దారంతో కుట్టాలి. చప్పుడు కోసం రెండు పెట్టెల్లో సజ్జలు, రెండింటిలో చింతగింజలు పోయాలి. కిక్కిరిసేలా నింపితే గింజ కదలదు. ఒక్కో పెట్టెనూ గుడ్డలో కుట్టి వేలాడదీస్తే బిడ్డ ఊపి ఊపి ఏది దేనికి జతో పోల్చుకుంటుంది. చూపులేని బిడ్డకు కూడా ఈ ఆటలో లోటు ఉండదు.

కొన్నింటిని మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. అగ్గిపెట్టె పక్కన గీసే పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది, పట్టీ ఉన్న పెట్టె వాడొద్దు. టపాసుల కాగితం అసలే వద్దు. మైదా జిగురుకు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు పుస్తకాల బైండింగుకు సరే, నోట్లో పెట్టుకునే పిల్లలకు అది విషం. నోట్లో పట్టేంత చిన్న వస్తువు విడిగా ఉండకూడదు. పలకమీద ప్రతిదాన్నీ గట్టిగా లాగి చూస్తుండాలి.

ఈ పనిని కాలక్షేపంగా చూడలేను. ఈ సీమలో అగ్గిపుల్లలను చట్రాల్లో పేర్చిన చేతులు ఒకప్పుడు పిల్లలవి. శివకాశి బాలకార్మికుల కేసులో 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకున్న ఒక్కో బిడ్డకూ యజమాని 20,000 రూపాయలు బాలకార్మికుల పునరావాస నిధికి కట్టాలని తీర్పిచ్చింది. కూలికోసం పిల్లల చేతికిచ్చిన ఆ పుల్లలూ పెట్టెలూ ఇప్పుడు ఆటకోసం వాళ్ల చేతికి రావడం న్యాయం.

అగ్గిపెట్టెల యజమానులకూ అచ్చాఫీసులవారికీ ఒక విన్నపం. మందు తగలని పుల్లలు, అట్టముక్కలు, పట్టీ అంటించని పెట్టెలు చెత్తలో కలవకముందే ఒక సంచిలో వేరుగా పెట్టి మీ ఊరి అంగన్‌వాడీకి పంపండి.