లోపల నిలబడి బయటికి చూస్తే

రాతియుగపు సమాధి చూడ్డానికి వెళ్లినవాళ్లు సాధారణంగా గబగబా లోపలికి నడిచి, కప్పు వైపు తలెత్తి, బరువెంతో అడిగి వచ్చేస్తారు. స్పెయిన్‌లో, మాలగా దగ్గరి అంతెకేరా ఊరి చివర ఉన్న మెంగాకు వెళ్తే మాత్రం ఆ తొందర వద్దు. బయటి నుంచి అదొక గడ్డి దిబ్బ, అంతే. సుమారు క్రీ.పూ. 3800-3600 నాటి ఆ కట్టడం పనితనమంతా మట్టి కిందే ఉంది.

కప్పుకు వాడినవి ఐదే బండలు. వాటిలో పెద్దది దాదాపు 150 టన్నులు! ఇనుము తెలియని మనుషులు దాన్ని కిలోమీటరు లోపున్న గుట్ట నుంచి దించుకొచ్చారు. అయినా నన్ను కట్టిపడేసింది బరువు కాదు, గోడ. నిలువు బండల మొదళ్లను నేలరాతిలో తొలిచిన గుంటల్లోకి లోతుగా దించి, కొద్దిగా లోపలికి వాల్చారు. దాంతో పైకి పోయేకొద్దీ గది ఇరుకై, కప్పు మోయాల్సిన వెడల్పు తగ్గింది. పక్కపక్క బండల అంచులు ఎంత దగ్గరగా అతికాయో చూడాలంటే గోడకు ముఖం ఆనించినంత దగ్గరికి వెళ్లాలి. అది మెత్తటి రాయి, నీళ్లు తగిలితే పాడవుతుంది. అందుకే పైన అంత మందంగా మట్టి కప్పారు. ఇంత ఆలోచించినవాళ్లను ఆదిమానవులని చులకనగా అనడం నాకు నచ్చదు.

తర్వాత వెనక్కి తిరగండి. ద్వారం నిండా కొండ! పేరు లా పెన్యా దె లోస్ ఎనమొరాదోస్, ప్రేమికుల కొండ. ఆకాశం వైపు ముఖం పెట్టి పడుకున్న మనిషిలా కనిపిస్తుంది. పక్కనే ఉన్న వియేరా సమాధి విషువత్తు నాటి సూర్యోదయం వైపు చూస్తుంది. మెంగా మాత్రం కొండనే ఎంచుకుంది. ఆ కొండ ఉత్తరపు చరియలో, మెంగా చూపు నిలిచే చోట, పాత రాతి చిత్రాలున్నాయి. అంటే సమాధి కట్టకముందే అది వాళ్లకు ముఖ్యమైన చోటు అయ్యుండాలని నా నమ్మకం.

మన ములుగు అడవుల్లో, దామరవాయిలో రాక్షస గుళ్లనే రాతి సమాధులు చూసినవాళ్లకు బండ మీద బండ పెట్టే పని కొత్త కాదు. అవి చాలా తర్వాతివి, కట్టిన జనమూ వేరు. కానీ అక్కడా ద్వారం ఎటు చూస్తోందో గమనించి రండి.

మెంగా అయ్యాక చాలామంది బస్సెక్కేస్తారు. కాస్త దూరంలోని ఎల్ రొమెరాల్ సమాధిని వదలకండి. అక్కడ గోడలకు పెద్ద బండల్లేవు. చిన్న రాళ్లను వరుస వరుసకూ కొంచెం ముందుకు జరుపుతూ గుండ్రంగా పైకి కట్టుకొచ్చి, చివర ఒక్క పలకతో మూసేశారు.