ఐదు గడుల కొలబద్ద

రాష్ట్రేతర తెలుగువారి భాషాస్థితిని అంచనా కట్టేందుకు విద్యార్థులు ఆన్‌లైన్ ప్రశ్నావళులు విరివిగా వాడుతున్నారు. అలాంటి ఒకదాన్ని మేము పరిశీలించాం. ఉద్దేశం మంచిదే, చిక్కంతా కొలబద్దతోనే.

"మీకు తెలుగు ఎంత బాగా వచ్చు?" అని అడిగి, ఒకటి నుంచి ఐదు దాకా అంకెలిచ్చారు. తమిళనాడులో తరతరాలుగా తెలుగు ధారాళంగా మాట్లాడుతూ లిపి చదవలేనివారు ఎందరో ఉన్నారు. వారు మాటకు ఐదు వేసుకోవాలి, చదువుకు ఒకటి. సర్దుబాటుగా మూడు వేస్తే ఆ మూడులో వారి స్థితి ఏదీ కనబడదు. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం విడివిడిగా అడగవలసింది.

"పిల్లలకు తెలుగు చదువు అవసరం లేదు" అన్న వాక్యం మరో చిక్కు. అవసరమనుకునేవారు "అంగీకరించను" అనాలి, తొందరలో తడబడతారు. "పిల్లలకు ఇంటి తెలుగే చాలు" అంటే ఆ పేచీ ఉండదు.

1932లో రెన్సిస్ లైకర్ట్ ప్రతిపాదించిన పద్ధతికి ప్రాణం ఒక్క వాక్యం కాదు, ఒకే విషయంపై పలు వాక్యాల మొత్తం. ఇక్కడ ఒక్కో వాక్యంతోనే తీర్పు చెప్పారు. "తటస్థం" అనే మధ్యగడిలో "తెలియదు", "నాకు వర్తించదు" కూడా కలిసిపోయాయి. వాటికి వేరే గడి ఉండాలి.

అన్నిటికన్నా పెద్దలోపం, ప్రశ్నావళి తెలుగు లిపిలో మాత్రమే ఉండటం. లిపి రానివారు జవాబే ఇవ్వలేరు. ఆపైన "మనవారికి చదవడం బాగానే వచ్చు" అని తేలితే ఆశ్చర్యమేముంది? తెలుగు వాక్యాలనే తమిళ, కన్నడ, ఒడియా లిపుల్లోనూ ఇవ్వాలి, లేదా చదివి వినిపించాలి. లెక్కలోకి రానివారు లేనివారు కారు.