నెల లెక్క కాదు, ఏడాది లెక్క

ఇంటి ఖర్చుల అదుపు అనగానే ఈ వారం కూడా అదే సూత్రం చెవిన పడింది: జీతంలో సగం అవసరాలకు, 30 శాతం కోరికలకు, 20 శాతం పొదుపుకు. అమెరికాలో ఎలిజబెత్ వారెన్ తన కూతురితో కలిసి 2005లో రాసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన లెక్క ఇది. ఒకటో తారీఖున జీతం పడే ఇంటికి పనికొస్తుంది. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా నాయ్‌గావ్ తాలూకాలో రెండు మూడెకరాల సోయా మీద, మిగతా రోజుల్లో కూలి మీద బతికే చిన్న కుటుంబానికి దీనితో ఏం పని? ఈ కాలమ్‌లో పదేపదే అన్న మాటే మళ్లీ అనాల్సి వస్తోంది. పేద ఇంటి కష్టం డబ్బు తక్కువ కావడం ఒక్కటే కాదు, అవసరమైన వేళకు అది చేతిలో లేకపోవడం. బంగ్లాదేశ్, భారత్, దక్షిణాఫ్రికాల్లో పేద కుటుంబాల జమాఖర్చులను నెలల తరబడి రాయించి 2009లో వెలువరించిన ‘పోర్ట్‌ఫోలియోస్ ఆఫ్ ది పూర్’ గ్రంథం తేల్చిందీ ఇదే.

నాయ్‌గావ్ రైతు ఏడాదిని చూడండి. సోయా డబ్బు దసరా, దీపావళి రోజుల్లో ఒక్కసారిగా వస్తుంది. కంది వేస్తే సంక్రాంతి దరిదాపుల్లో ఇంకొంత. జూన్ వచ్చేసరికి చేయి ఖాళీ. తొలకరికి విత్తనాలు, ఎరువులు కొనాల్సిన ఆ నెలలోనే బడులూ తెరుస్తారు. అప్పుడు దిక్కు అడ్తి వ్యాపారి అప్పు, కిరాణం కొట్టు ఉద్దెర. పంట రాగానే ఆ బాకీ తీర్చాలి కనుక గింజ ఆరేదాకా ఆగే వీలుండదు. 2024-25లో సోయా మద్దతు ధర క్వింటాలుకు 4,892 రూపాయలు. కొనుగోలు కేంద్రంలో తేమ 12 శాతం మించకూడదన్నది నిబంధన. ఆ నవంబరులో కేంద్రం దాన్ని 15కు సడలించింది. ఆగగలిగినవారికే మద్దతు ధర, ఆగలేనివారికి మోంఢా మార్కెట్‌లో ఎంత పలికితే అంతే. అలా క్వింటాలు మీద పోయే వందల రూపాయలు ఏ ఖర్చుల చిట్టాలోనూ కనిపించవు.

అలాగైతే ఆదాయం పెంచాలి గానీ, లెక్కలు రాసి ఏం లాభం అని అడగవచ్చు. తెలంగాణ సరిహద్దున ఉన్న ఈ నాందేడ్ జనం అడిగిందీ అదే. 2019 సెప్టెంబరులో నాయ్‌గావ్, భోకర్, దెగ్లూర్ తదితర నియోజకవర్గాల నేతలు హైదరాబాద్ వెళ్లి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌ను కలిసి, తెలంగాణ పథకాలు తమకూ అందాలన్నారు. వాటిలో ముఖ్యమైన రైతుబంధు పెట్టుబడి సాయం 2018లో ఎకరాకు పంటకు 4 వేలతో మొదలైంది. దాని అసలు విలువ విత్తే వేళకు చేతికందాలన్న ఆలోచనలో ఉండేది. మహారాష్ట్ర 2024లో తెచ్చిన లాడ్కీ బహిన్ పథకం కింద అర్హురాలైన మహిళకు నెలకు 1,500 వస్తుంది. తేదీ అటూ ఇటూ అయినా, నెలనెలా వచ్చే రాబడి అనేది ఆ ఇంటికి ఇదే మొదలు. అయితే దాన్ని దేనికని ముందే అనుకోకపోతే పాత ఉద్దెరలోనే కలిసిపోతుంది. అందుకే లెక్క కావాలి. నెల జీతం అందుకునేవాడు లెక్క రాయకపోయినా వచ్చే నెల జీతం అతణ్ని కాపాడుతుంది. పంట మీద బతికేవారికి ఆ ధీమా లేదు. రాబడి నిలకడగా లేని ఇంటికే లెక్క ఎక్కువ అవసరం.

పెళ్లిళ్లకూ పండగలకూ తగలేసేవాళ్లకు లెక్కలెందుకన్న మాట ఇంకొకటి. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ పేద కుటుంబాలను పరిశీలించిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో సగటు కుటుంబం ఏడాది ఖర్చులో పదో వంతు పండగలకే పోతుందని గమనించారు. అది దుబారా అనేముందు ఒక సంగతి చూడాలి. పండగ ఎప్పుడో ఏడాది ముందే తెలుసు. తెలిసిన ఖర్చుకు అప్పు చేయాల్సి రావడమే నష్టం, పండగ చేసుకోవడం కాదు.

కొత్తగా కాపురం పెట్టిన జంటలకు నేను చెప్పేది ఇంతే. ఒక కాగితం మీద పన్నెండు నెలలూ రాయండి. ప్రతి నెల ఎదుటా వచ్చేదీ పోయేదీ వేయండి. సోయా అమ్మిన రోజే జూన్ విత్తనాలకూ బడి ఖర్చుకూ సరిపడా తీసి, భార్య పేరున ఉన్న ఖాతాలోనో బచత్ గట్ (పొదుపు సంఘం)లోనో వేయండి. నెలనెలా వచ్చే 1,500తో కిరాణం నగదుకే కొనండి, ఉద్దెర తగ్గుతుంది. ఆ కాగితం ఇద్దరూ కలిసి కూర్చుని రాయండి; ఒక్కరికే తెలిసిన లెక్క ఇల్లు నిలపదు.