యూరియా బస్తా వెనక లెక్క

యూరియా తయారీ సమీకరణం చిన్నదే. రెండు అమ్మోనియా అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు కలిస్తే ఒక యూరియా అణువు, ఒక నీటి అణువు వస్తాయి. 1992లో కాకినాడ నాగార్జున ఎరువుల కర్మాగారంలో మొదలైన ఉత్పత్తికి మూలం ఇదే. అయితే సమీకరణం చెప్పేది ఎన్ని అణువులన్నదే, ఎంత తూకమో చెప్పదు. రైతుకు కావలసింది తూకం.

ఆ తూకం తేల్చేది అణుభారం. అమ్మోనియాకు 17, కార్బన్ డయాక్సైడ్‌కు 44, యూరియాకు 60, నీటికి 18. అమ్మోనియా ముందు 2 ఉంది కనుక దాని వాటా 34. ఎడమవైపు 34, 44 కలిపి 78. కుడివైపు 60, 18 కలిపినా 78. ఈ రెండూ కలవకపోతే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. విద్యార్థులు తడబడేది సాధారణంగా ఆ 2 దగ్గరే. దాన్ని మరిచిపోతే సగం అమ్మోనియాతోనే బస్తా నిండినట్టు కాగితం మీద కనిపిస్తుంది!

2018 నుంచి యూరియా బస్తా 45 కిలోలు, అంతకుముందు 50. 60 కిలోలకు 34 కిలోల అమ్మోనియా కావాలంటే 45 కిలోలకు 25.5 కిలోలు. ఇది పాత త్రైరాశికమే. కార్బన్ డయాక్సైడ్ 33 కిలోలు పడుతుంది, 13.5 కిలోల నీరు వేరవుతుంది. గ్రాములైనా టన్నులైనా నిష్పత్తి మారదు. అమ్మోనియా 34 కిలోలు పోసినా కార్బన్ డయాక్సైడ్ 33 కిలోలే ఉంటే యూరియా 45 కిలోలు దాటదు. 8.5 కిలోల అమ్మోనియా ఊరికే మిగులుతుంది. ముందుగా అయిపోయే సరుకును బట్టే లెక్క కట్టాలి.

సున్నంలో ఈ లెక్క కంటికి కనబడుతుంది. 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాలంలో రాతిపనికి సున్నమే ఆధారం. శుద్ధమైన 100 కిలోల గుల్లను కాలిస్తే 56 కిలోల పొడిసున్నం మిగిలి, 44 కిలోలు వాయువై పోతుంది. ఆ పొడిసున్నానికి 18 కిలోల నీరు పట్టిస్తే 74 కిలోల తడిసున్నం.

ఇవన్నీ గరిష్ఠ అంకెలు. యూరియా రియాక్టర్‌లో మొదట అమ్మోనియం కార్బమేట్ ఏర్పడుతుంది, ఒక్క దఫాలో అదంతా యూరియాగా మారదు. అందుకే అమ్మోనియాను ఎక్కువగానే పంపి, మిగిలినదాన్ని వెనక్కి తిప్పుతారు. 60 భాగాల యూరియాలో నత్రజని 28. ఆ ప్రకారం 45 కిలోల బస్తాలో 21 కిలోలుండాలి. బస్తా మీద వేసే 46 శాతం చొప్పున అది 20.7 కిలోలు.